లెక్కకి రాని పద్దు: 'సివిలైజేషన్' ఆటలో తొలిదాడి

కంప్యూటర్ మీద ఆడే ఆటల్లో 'సివిలైజేషన్' అని ఒకటుంది. సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి తయారుచేసిన మొదటి ఆట 1991లో వచ్చింది. ఆ వరసలో ఏడోది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఇది గురిచూసి కాల్చే ఆటల బాపతు కాదు. చదరంగంలోలా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఆడాలి, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆలోచించుకోవచ్చు. క్రీ.పూ. 4000లో పిడికెడుమందితో బయల్దేరి, ఊరు కట్టి, పొలం దున్ని, గనులు తవ్వి, రాత నేర్చి, గుళ్ళూ బళ్ళూ కట్టి, ఆఖరికి అంతరిక్షనౌక ఎగరెయ్యటం దాకా నడిపించాలి. హమ్మురాబి పేరు బళ్ళో కంటే ముందు ఈ ఆటలో విన్న పిల్లలు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. పేరులోనే నాగరికత ఉంది కనక పెద్దవాళ్ళు కూడా పెద్దగా కాదనరు. 'పోనీలే, చరిత్ర నేర్చుకుంటున్నాడు' అని ఊరుకుంటారు.

ఐతే ఆరితేరిన ఆటగాడు మొదటి ఊరు కట్టగానే వెతికేది పంటభూమి కోసం మాత్రమే కాదు. పొరుగువాడు ఎంత దూరంలో ఉన్నాడో చూస్తాడు. దగ్గర్లో ఉంటే వాడు గోడ కట్టుకోకముందే, రెండో ఊరు వెయ్యకముందే వెళ్ళి రాజధానిని లాక్కుంటాడు. ఆటగాళ్ళ భాషలో దీన్ని 'రష్' అంటారు. మనం తొలిదాడి అందాం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతని పొరుగువాడి మీద ప్రయోగించటం అన్నమాట.

దీన్ని చూసి ఆటగాళ్ళు క్రూరులనుకోనక్కర్లేదు. ఆట వాళ్ళ చేతికిచ్చిన లెక్కల పుస్తకాన్ని వాళ్ళు శ్రద్ధగా చదివారు, అంతే. విమర్శ చెయ్యాల్సింది ఆ పుస్తకాన్ని. అందులో ఏ పద్దు రాస్తారు, ఏ పద్దు రాయరు, రాసినదాన్ని ఎప్పుడు కొట్టేస్తారు అన్నదే ఈ వ్యాసం సంగతి.

ఉదాహరణకి నాలుగో ఆటని తీసుకుంటున్నాను. సోరెన్ జాన్సన్ ఆధ్వర్యంలో 2005లో వచ్చిన 'సివిలైజేషన్ 4' ఇది. తొలిదాడి లోపలి యంత్రం ఇందులో విప్పి చూపించినంత స్పష్టంగా ఉంటుంది. ఈ ఆటలో శ్రమని సుత్తులతో కొలుస్తారు. కొత్త ఊరు వెయ్యటానికి వలసగుంపుని పంపాలంటే మామూలు వేగంలో 100 సుత్తులు ఖర్చు. పైగా ఆ గుంపు తయారవుతున్నంతసేపూ ఊరు పెరగదు, తిండి కూడా ఆ ఖర్చులోకే పోతుంది. గొడ్డలి పట్టిన సైనికుడు ఒక్కడికి 35 సుత్తులు. అంటే ఎనిమిదిమంది గొడ్డలివాళ్ళకి 280. మూడు వలసగుంపుల ఖర్చు కంటే తక్కువే. మూడు గుంపులు మూడు ఖాళీ జాగాల్లో మూడు పల్లెలు వేస్తాయి. ఎనిమిది గొడ్డళ్ళు సరిగ్గా పనిచేస్తే పొరుగువాడు ఏరుకున్న మంచి జాగాలో, దున్నిన పొలాలతో సహా, కట్టి ఉన్న రాజధాని వస్తుంది. అతని కూలివాళ్ళు దొరికితే వాళ్ళూ మనవాళ్ళే. ఒక్కొక్కరు 60 సుత్తుల సరుకు. అన్నిటికంటే ముఖ్యం, ఇక ముందు మనతో పోటీపడటానికి అతనుండడు.

గొడ్డలి కావాలంటే కంచు విద్య నేర్వాలి. ఈ ఒక్క విద్యతో నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. రాగి ఎక్కడుందో పటంలో కనపడుతుంది. గొడ్డలివాణ్ణి తయారుచెయ్యొచ్చు. అడవిని నరకొచ్చు, ఒక్కో అడవి గడికి అప్పుడే 20 సుత్తులు చేతికొస్తాయి. నాలుగోది బానిసత్వం. ఊళ్ళో ఉన్న జనంలో ఒక తలని 'ఖర్చుపెడితే' 30 సుత్తులు. కొరడా అని ఆటగాళ్ళు ముద్దుగా పిలుచుకునే పద్ధతి ఇది. చెట్టుని నరికి, మనిషిని నలిపి, పక్కవాడి మీదికి సైన్యాన్ని తోలటానికి కావలసినవన్నీ ఒకే విద్యలో మూటకట్టి ఉన్నాయి. ఇందులో చారిత్రక సత్యం కొంత ఉంది. లోహం, బానిసత్వం, యుద్ధం పురాతన కాలంలో చెట్టపట్టాలేసుకునే తిరిగాయి. ఆ ముడిని చూపించినందుకు ఈ ఆటని మెచ్చుకోవాలి.

తొలిదాడి అంత తేలిక కూడా కాదు. రాగి మన దగ్గర్లో లేకపోతే గొడ్డలే లేదు. పొరుగువాడి ఊరు కొండమీదుంటే విలుకాడు రెట్టింపు గట్టిపడతాడు. విలుకాడి అసలు బలం 3, గొడ్డలివాడి బలం 5. కాని విలుకాడికి ఊరు కాపాడేటప్పుడు సగం అదనం, కుదురుకుని కూచున్నందుకు ఇంకో పాతిక శాతం. ఊరి సంస్కృతి కూడా గోడలాగా పనిచేస్తుంది. మొదట 20 శాతం, ముదిరితే 40 శాతం. అన్నీ కలిపితే ముందు వెళ్ళిన ఇద్దరు ముగ్గురు గొడ్డలివాళ్ళు చచ్చిపోతారు. వాళ్ళు గాయపరిచి వదిలిన విలుకాళ్ళని వెనకొచ్చినవాళ్ళు పడగొడతారు. ఎంతమంది చావటానికి, ఎంతమంది గెలవటానికి అని ముందే లెక్కేసుకుని బయల్దేరాలి. పది వంతులు ఆలస్యమైతే ఎనిమిది గొడ్డళ్ళూ దండగ. గెలిచినా తిప్పలే. ఊళ్ళు పెరిగినకొద్దీ, రాజధానికి దూరమైనకొద్దీ పోషణ ఖర్చు పెరుగుతుంది. దురాశకి పోయి మూడు నాలుగు ఊళ్ళు మింగితే ఖజానా ఖాళీ అయి విద్యలు ఆగిపోతాయి. ఇవన్నీ తూచి గెలవటంలో తెలివి ఉంది, ఉత్కంఠ ఉంది. ఆ ఆనందాన్ని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

తొలిదాడి తరఫున ఇంకో వాదన కూడా వినాలి. అది బలవంతుడి దౌర్జన్యం కాదు, బలహీనుడి ఆయుధం అంటారు. ఆట కష్టస్థాయి పెంచితే కంప్యూటర్ ఆడే రాజులకి అన్నీ చవగ్గా దొరుకుతాయి. 'డైటీ' అనే అన్నిటికంటే పై స్థాయిలో వాళ్ళు ఏకంగా రెండు వలసగుంపులతో మొదలుపెడతారు. అలాంటివాళ్ళతో బుద్ధిగా పొలం దున్నుకుంటూ పోటీపడటం బహు కష్టం. అందుకే ఆ స్థాయిలో ఇన్కాలని ఎంచుకునేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ 'కెచువా' సైనికుడు 15 సుత్తులకే వస్తాడు, రాగి అక్కర్లేదు, విలుకాళ్ళ మీద నూరు శాతం అదనపు బలం. చరిత్రలో 1532లో పిజారో చేతికి తమ రాజునే బందీగా వదులుకున్న ఇన్కాలు ఈ ఆటలో తొలిదాడికి పెట్టింది పేరయ్యారు! అదే ఆటలో మన భారతదేశానికిచ్చిన ప్రత్యేకత ఏమిటనుకున్నారు? మిగతా దేశాలకి తలా ఒక ప్రత్యేక సైనికుడు. మనకి మాత్రం చకచకా నడిచే కూలివాడు. వీసా మీద ఇక్కడికొచ్చి పనిచేసిన మనవాళ్ళకి ఈ ముక్క వింటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకాల ఇంకేదో కూడా వస్తుంది.

బలహీనుడి ఆయుధమన్న వాదనలో నిజముంది. కాని అది తొలిదాడి ఎందుకు అవసరమైందో చెప్పింది కాని, ఎందుకంత చవకో చెప్పలేదు. ఆ చవకదనం రహస్యం లెక్కల పుస్తకంలో ఉంది.

మొదట కొరడా సంగతి చూడండి. ఒక తలని బలిచ్చినందుకు ఊళ్ళో ఒక ముఖం ఎర్రబడుతుంది. ఆ కోపం పది వంతులుంటుంది, తరువాత మాయమౌతుంది. మామూలు వేగంలో ఆట మొదట్లో ఒక్కో వంతూ 40 ఏళ్ళు. అంటే జనం ఆ దౌర్జన్యాన్ని 400 ఏళ్ళు గుర్తుపెట్టుకున్నారన్నమాట! పంచాంగం ప్రకారం చూస్తే ఇది చాలా పెద్ద జ్ఞాపకం. కాని కుర్చీలో కూచున్న ఆటగాడికి పది నొక్కుళ్ళు. ఈ ఆటలో కాలానికి రెండు కొలతలున్నాయి. బాధ పడేవాళ్ళది ఒక కొలత, బాధ పెట్టేవాడిది ఇంకో కొలత. లెక్క రాసేది రెండోదానితో.

రెండోది, సాక్షులు. ఎవరి మీదైనా దాడిచేస్తే వాళ్ళ స్నేహితులు మనమీద గుర్రుగా ఉంటారు. ఊరు తగలబెడితే ఆ ఊరివాళ్ళ రాజు మరిచిపోడు. కాని క్రీ.పూ. 2500 ప్రాంతంలో చాలాసార్లు మిగతా రాజులు మనకి పరిచయమే కాలేదు. ఉన్న ఒక్క పరిచయస్తుణ్ణీ తుడిచేస్తే ఇక తప్పుపట్టటానికి మనిషి లేడు. పెద్దలు ఋణశేషం, శత్రుశేషం ఉంచకూడదన్నారు. ఆట ఆ మాటని అక్షరాలా పాటిస్తుంది. సగం ఓడించినవాడికి శత్రువు మిగులుతాడు, పూర్తిగా ఓడించినవాడికి ఏమీ మిగలదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. పట్టుకున్న ఊళ్ళో మొదట కొన్ని వంతులు తిరుగుబాటు ఉంటుంది. అది సద్దుమణిగాక కూడా ఒకటి రెండు ముఖాలు ఎర్రగానే ఉంటాయి. ఆ ముఖాల మీద బాణం గుర్తు పెట్టి చూస్తే కారణం కనిపిస్తుంది. వాళ్ళకి మాతృభూమిలో మళ్ళీ కలవాలని ఉంది. బెంగ అన్నమాట. కిందటి ఏలికల సంస్కృతి ఆ ఊరి నేలలో ఎంత పాలు ఉందో, ఆ పాళ్ళలోనే ఈ బెంగని లెక్కకడతారు. నాకు తెలిసినంతలో ఆటల్లో బెంగకి అంకె వేసిన సందర్భాలు అరుదు. ఈ ఆలోచన చేసినవాళ్ళకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ఐతే ఈ లెక్కలో ఒక షరతుంది. బతికున్న రాజ్యాల సంస్కృతినే లెక్కలోకి తీసుకుంటారు. పొరుగువాడి ఆఖరి ఊరు కూడా పడిపోయిన క్షణంలో ఆ రాజ్యం చచ్చిపోయినట్టు. దాంతోపాటు అన్ని ఊళ్ళలోనూ ఆ బెంగ సున్నా అయిపోతుంది. ఫలానా నాగరికత నాశనమైందని తెరమీద ఒక వాక్యం వస్తుంది. ఊళ్ళో ఎర్రముఖాలు చల్లబడతాయి. పోగొట్టుకున్నది పూర్తిగా పోయాక దానిమీద బెంగ ఉండదని ఆట సిద్ధాంతం.

వలసవచ్చినవాళ్ళ సంకలనంలో ఈ మాట ఎందుకెత్తానో చెప్పక్కర్లేదనుకుంటాను. మన బెంగ సుఖమైన బెంగ. మన ఊరు అక్కడే ఉంది. టిక్కెట్టు కొనుక్కుంటే వెళ్ళొచ్చు, ఫోను చేస్తే అవతల ఎవరో ఒకరు ఎత్తుతారు. ఐనా మనకి తీరలేదు, మూడు పుష్కరాలుగా దానిమీదే కథలు రాసుకుంటున్నాం. వెనక్కి వెళ్ళటానికి ఊరే లేనివాళ్ళ బెంగ ఇంతకంటే ఎక్కువుంటుందా, తక్కువుంటుందా? ఆనకట్ట కింద ఊరు మునిగినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. ఆట ఇక్కడ తప్పిన లెక్క చిన్నది కాదు. ఆ తప్పు ఎవరికి లాభమో కూడా చూడండి. సగంలో ఆపినవాడికి శిక్ష, చివరిదాకా తుడిచినవాడికి బహుమతి.

'ఇదంతా అతి' అనేవాళ్ళుంటారు. చదరంగంలోనూ నాలుగెత్తుల్లో రాజుని కట్టెయ్యొచ్చు. పులిజూదంలో పులి మేకని తింటుంది. వాటిని ఎవరూ తప్పుపట్టరు కదా అంటారు. నిజమే. కాని చదరంగం తనని తాను చరిత్ర అని చెప్పుకోలేదు, పులిజూదం మేకల సంస్కృతికి శాతాలు కట్టలేదు. ఈ ఆట పేరు నాగరికత. ఇందులో అశోకుడున్నాడు, గాంధీ ఉన్నాడు, పిరమిడ్లున్నాయి. ఇలాంటి ఆటలన్నిటికీ కలిపి ఆలన్ ఎమ్‌రిచ్ అనే రచయిత 1993లో నాలుగు క్రియలతో ఒక పేరు పెట్టాడు: వెతుకు, విస్తరించు, పిండుకో, తుడిచెయ్యి. నాగరికత అనే మాటకి ఈ నాలుగే అర్థమని ఒప్పుకుంటే పేచీ లేదు. ఒప్పుకోకపోతే ఐదో క్రియ ఏమిటని అడగాలి.

ఆ ఐదో క్రియ మనకి తెలుసు. నన్నయ గారు పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో తెలుగుచేసిన ఆదిపర్వం చివర ఖాండవ దహనం ఉంది. దాన్ని ఒక తొలిదాడిగా చదవండి. కొత్తగా రాజ్యం చేతికొచ్చిన పాండవులు. పక్కన దట్టమైన అడవి, అందులో నాగజాతి. కృష్ణార్జునులు కాపలా ఉండి, తప్పించుకోబోయినవాళ్ళని కూడా కొట్టి, ఆ అడవిని అగ్నికి అప్పగించారు. బతికి బయటపడ్డవాళ్ళు తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు. ప్రాణభిక్ష పెట్టినందుకు మయుడు బ్రహ్మాండమైన సభ కట్టి ఇచ్చాడు. ఆట భాషలో చెప్పాలంటే ఇంతకంటే మంచి తొలిదాడి లేదు. నేల వచ్చింది, సభ వచ్చింది, పక్కలో ముప్పు పోయింది.

కాని భారతం అక్కడ లెక్క మూసెయ్యలేదు. అశ్వసేనుడు కురుక్షేత్రంలో కర్ణుడి బాణంలో దూరి అర్జునుడి కంఠం కోసం వచ్చాడు. దహనం నాడు ఊళ్ళో లేని తక్షకుడు ముని శాపం దారిలో వచ్చి అర్జునుడి మనవణ్ణి కాటేశాడు. ఆ మనవడి కొడుకు జనమేజయుడు పాముల మీద యాగం మొదలెట్టాడు. మొత్తం భారతకథని మనం వింటున్నది ఆ యాగశాలలోనే. కాల్చిన అడవి లెక్క మూడు తరాలు దాటి వచ్చి కథకే చట్రమై కూచుంది. ఆ కవులు అర్జునుణ్ణి ఖండించలేదు. గెలుపుని గెలుపుగానే పాడారు. అప్పుని కూడా అప్పుగా రాసిపెట్టారు. ఐదో క్రియ అదే: గుర్తుపెట్టుకో.

కవిత్వం వేరు, రాజ్యం వేరు అంటారా? కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లో, ఎర్రగుడి అనే ఊళ్ళో బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. పదమూడో శాసనం కళింగయుద్ధం గురించి. తాను పట్టాభిషిక్తుడైన ఎనిమిదో ఏట కళింగని గెలిచానని, లక్షమంది హతులయ్యారని, లక్షన్నరమందిని అక్కణ్ణించి తరలించారని, అంతకు ఎన్నో రెట్లమంది పోయారని రాజే అంకెలు వేయించాడు. అంతటితో ఆగలేదు. తమకి దెబ్బ తగలకపోయినా తమ స్నేహితులకీ బంధువులకీ తగిలిందని బాధపడేవాళ్ళ బాధ కూడా లెక్కలోకి వస్తుందని చెక్కించాడు. ఇరవైరెండు వందల ఏళ్ళ కిందటి రాయి మీద ఉన్న పద్దు, 2005 నాటి ఆటలో లేదు.

అశోకుణ్ణి మరీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. అదే శాసనంలో అడవిజాతులకి తన బలం గుర్తుచేసే హెచ్చరిక కూడా ఉంది. గెలిచిన కళింగలోనే, ధౌలిలోనూ జౌగడలోనూ, ఈ పదమూడో శాసనం చెక్కించలేదు. దాని బదులు వేరే మాటలున్నాయి. ఎవరి ముందు పశ్చాత్తాపపడాలో ఎవరి ముందు పడకూడదో తెలిసిన రాజనీతి అది. ఐనా గెలిచినవాడే తన ఖాతాలో ఎదుటివాడి నష్టాన్ని రాసుకోవచ్చన్న ఆలోచన మనిషికి ఎప్పుడో వచ్చిందని చెప్పటానికి ఆ బండ చాలు.

తరువాతి ఆటలు కొన్ని కళ్ళేలు వేశాయి. 2010లో వచ్చిన ఐదో ఆటలో ఊళ్ళు తమంతట తామే బాణాలేస్తాయి, ఎవరి మొదటి రాజధానినైనా పట్టుకోవచ్చు కాని నేలమట్టం చెయ్యలేరు. 2016లో వచ్చిన ఆరో ఆట యుద్ధోన్మాదానికి నిందలు వేసే పద్ధతి పెట్టింది. కాని విడుదలైనప్పుడు ప్రాచీనయుగంలో చేసిన యుద్ధానికి ఆ నింద సున్నా. అంటే తొలిదాడికి ముందస్తు క్షమాపణ పత్రం ఇచ్చినట్టే. ఏడో ఆటలో అశోకులు ఇద్దరున్నారు. ఒకరు లోకాన్ని జయించినవాడు, ఇంకొకరు లోకాన్ని త్యజించినవాడు. ఎవరు కావాలో ముందే ఎంచుకోవాలి. అశోకుడి కథలో బరువంతా ఒకే మనిషి మొదటిది చేసి రెండోదానికి రావటంలో ఉంది. ఆ మధ్యలో ఉన్న కళింగని తీసేస్తే మిగిలేవి రెండు బొమ్మలు.

ఆటకి బయట ఉన్నవాళ్ళు కూడా ఈ లెక్క చదివారు. 2018 జనవరిలో ఆరో ఆటకి కొనసాగింపుగా కెనడా క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ని చేరుస్తున్నట్టు ప్రకటించారు. ఆదివాసులకి చోటిచ్చామని మెప్పు వస్తుందని అనుకుని ఉండాలి. పౌండ్‌మేకర్ క్రీ నేషన్ పెద్దల్లో ఒకరైన మిల్టన్ టూటూసిస్ బాహాటంగా అభ్యంతరం చెప్పారు. ఇతరుల నేలని ఆక్రమించుకోవటం మా జాతి లక్ష్యం ఎప్పుడూ కాదు, ఆక్రమించినవాళ్ళ విలువలే మావి కూడా అన్నట్టు ఈ ఆట చూపిస్తుందన్నది ఆయన మాటల సారాంశం. పౌండ్‌మేకర్‌ని గౌరవంగానే చిత్రించారు. కాని ఆ కుర్చీలో కూచోపెట్టాక ఆయన చెయ్యగలిగినవి కూడా ఆ నాలుగు క్రియలే. అన్ని జాతులకీ చోటిచ్చి, ఒకే లెక్కల పుస్తకం ఇవ్వటం సమానత్వం కాదు. ఉత్తర అమెరికాలో ఇల్లు కొనుక్కుని, ఈ నేల ఇంతకుముందు ఎవరిదని అడగని మనబోటివాళ్ళకి కూడా ఆయన మాట తగలాలి.

పరిష్కారం యుద్ధాన్ని తీసెయ్యటం కాదు. యుద్ధం లేని పురాతన చరిత్ర కూడా అబద్ధమే. మార్చాల్సింది ఒక్క షరతు. రాజ్యం పోయినా బెంగ పోదని రాస్తే చాలు. అప్పుడు తొలిదాడి చెయ్యదలచినవాడు 280 సుత్తులు పెట్టి ఊరు కొన్నానని అనుకోలేడు. తరవాత వెయ్యేళ్ళపాటు ఆ ఊళ్ళో గుడి కట్టాలో, పండగ చెయ్యాలో, వాళ్ళ మాట నిలబెట్టాలో ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఆట ఇంకా కష్టమౌతుంది, ఇంకా బాగుంటుంది కూడా.

ఇంట్లో ఈ ఆట ఆడే పిల్లలుంటే మానమని చెప్పకండి. పక్కన కూచుని ఒకసారి తొలిదాడి చూడండి. మొదటి ఊరు పడ్డాక అక్కడి ముఖాల వరస చూపించమనండి. ఆఖరి ఊరు కూడా పడ్డాక ఆ వరసే మళ్ళీ చూపించమని, ఎర్రముఖాలు ఎక్కడికి పోయాయో వాళ్ళనే అడగండి.